సత్తిబాబు చేతికెళ్ళిన సగం దుబ్బు

ఈ అధ్యాయంలో రాసిందంతా అక్షరాలా జరిగిందే. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే పుస్తకం బోర్లించి నవ్వుకుంటారని తెలుసు కాబట్టి ఒట్టు కూడా వేస్తున్నాను. స్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, ఎడమచేతిలో చామంతి కొమ్మ పట్టుకుని కుడిచేత్తో రాస్తున్నాను. నా కారుకు మిగిలి ఉన్న వారంటీ మీద, మా ఆవిడ సునీత పెట్టిన మామిడికాయ పచ్చడి మీద ప్రమాణం. వెనకటి అధ్యాయాల్లో అక్కడక్కడా కాస్త ఉప్పూ కారం తగిలించిన మాట వాస్తవమే. ఇందులో ఆ పని చేయలేదు. పొరపాటున ఎక్కడైనా చేసి ఉంటే చివర్లో నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

పోయిన నెల సత్తిబాబు మా ఇంటికి వచ్చాడు. ఈ పరాయి దేశంలోనే దూరాన ఉన్న లోవర్ హట్ ఊరి నుంచి భార్యనీ పిల్లల్నీ కారులో వేసుకుని తెల్లవారుజామున బయలుదేరి, పొద్దు వాలేవేళకు టకానినిలో మా గుమ్మం ముందు దిగాడు. మనిషి ఏమీ మారలేదు. అదే ఉంగరాల జుట్టు, ఒక్క వెంట్రుకా తెల్లబడలేదు. ఆ సంగతి ఆయన భార్య ఎదుట రెండుసార్లు ఎత్తాను, రంగు వేస్తాడని ఆవిడ నోరు జారుతుందేమోనని. జారలేదు. మంచినీళ్ళైనా తాగకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. కొత్త కాలనీల్లో పెరడు అంటే చాప పరిచినంత జాగా. ఆ జాగాలో కంచె వారగా నా చామంతులు పూత చివరికొచ్చి ఉన్నాయి. ఆయన వంగి ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, "ఆయ్, బానే పెంచేరండి బావగారూ. ఆకు చాలా బాగుందండి" అన్నాడు. పువ్వు గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత ఫోను తీసి వాళ్ళ పెరడు చూపించాడు. గోడ కనబడకుండా పసుప్పచ్చటి పూలు, ఒక్కొక్కటి సాసరంత. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఫోటోలో రంగులు కొంచెం ఎక్కువ కొట్టినట్టున్నయి" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి పదేళ్ళ కిందట ఎక్కడ మండిందో సరిగ్గా అక్కడే మళ్ళీ మండింది. ఆ సాయంత్రం టీ దగ్గర నడిచిన మాటలతో పాత సంగతులన్నీ పైకి లేచాయి. అందుకే ఈ అధ్యాయం.

అప్పట్లో మేం ఇన్వర్‌కార్గిల్‌లో ఉండేవాళ్ళం. అక్కడి పాలిటెక్నిక్‌లో చదువు అయిపోయి, ఒక సూపర్ మార్కెట్లో సాయంత్రం షిఫ్టు దొరికి, పెళ్ళి చేసుకుని సునీతని తెచ్చుకున్న కొత్త. ఈ దేశానికి దక్షిణపు కొస అది, దాని తర్వాత సముద్రం, ఆ తర్వాత మంచు. చలి గురించి చెప్తే నమ్మరు గానీ, తీగ మీద ఆరేసిన నా జీన్స్ ప్యాంటు పొద్దున చూస్తే బిగుసుకుపోయి నిలబడి ఉండేది. ఒకసారి దాన్ని అలాగే తెచ్చి వరండా గోడకు ఆనిస్తే ఉత్తరాలిచ్చే అతను గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళాడు. డోరతీ అనే ముసలావిడ ఇంటి వెనక భాగంలో రెండు గదులూ చిన్న వంటగదీ మావి. పెరటి చివర విడిగా కట్టిన ఒంటిగది సత్తిబాబుది. పూల తోటలకూ నర్సరీలకూ పేరుపడ్డ కడియం వైపు మనిషి. ఆయన కూడా చదువుకని వచ్చినవాడే, అప్పుడు ఊరి బయట పాడి ఫారంలో తెల్లారగట్ల పాలు పితికే పనిలో ఉండేవాడు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. నేను మధ్యాహ్నం వెళ్ళి భోజనాల వేళ దాటాక వచ్చేవాణ్ణి. అంటే నేను లేని సాయంత్రాలన్నీ ఆయన ఆ పెరట్లో ఉండేవాడన్నమాట. పరిచయమైన మొదటిరోజే సునీతని చెల్లెమ్మా అన్నాడు. నన్నెవరూ అడగలేదు, సంతకం తీసుకోలేదు, ఆ పూట నుంచి నేను బావగార్ని అయిపోయాను.

డోరతీ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. బొగ్గు పొగ, తడి ఉన్ని, లావెండర్ సబ్బు, వీటి అడుగున ఎప్పుడో మాడిన రొట్టె. పొద్దున లేవగానే ఆవిడ పొయ్యిలోంచి బూడిద తీసి ఐస్‌క్రీం డబ్బాలో నింపేది. ఆ ఇంట్లో ఖాళీ ఐస్‌క్రీం డబ్బాకు చావు లేదు. విత్తనాలు, బటన్లు, గుడ్డు పెంకులు, చనిపోయిన భర్త కళ్ళజోళ్ళు అన్నీ వాటిలోనే. టీ కెటిల్‌కి తనే అల్లిన ఉన్ని టోపీ తొడిగేది. తన తలకు మాత్రం ఏ టోపీ ఉండేది కాదు. గుమ్మం బయట గంబూట్లు బోర్లించి పెట్టేది, సాలీళ్ళు దూరకుండా. పాత కర్టెన్లు మడతపెట్టి దాచేది, మంచు పడే సాయంత్రం వాటిని మొక్కల మీద కప్పి, చివర్లు ఇటుకలతో అదిమి, "గుడ్ నైట్, మై లవ్స్" అని లోపలికి వెళ్ళేది. ఒకప్పుడు పూల ప్రదర్శనలకు చామంతులు పంపిన మనిషి. మోకాళ్ళు పోయాక మానేసిందట. అయినా మే నెలలో ఆవిడ పెరడు చూసి సునీత వంటగది కిటికీ దగ్గర నిలబడిపోయింది. పసుపు చామంతి, మన ఊరి రంగు, మన ఊరి వాసన.

"మనకాడ పూసేది బతుకమ్మకు కదా. ఈడ ఇప్పుడే పూసిందేంది?" అంది.

"ఈడ కాలాలు తలకిందులు. బతుకమ్మ నాటికి ఈడ ఎండకాలం మొదలు" అన్నాను.

"అయితే బతుకమ్మకు చామంతి ఉండదా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ పెళ్ళికి ముందు ఫోన్లలో ఆమెకు ఒక కథ చెప్పి ఉన్నాను. జనగామ దగ్గర మాకు రెండెకరాల చామంతి తోట ఉండేదనీ, పూత కాలంలో ఆర్టీసీ డ్రైవర్లు అక్కడ బస్సు నెమ్మది చేసి కిటికీలు తీయించేవాళ్ళనీ. మా నాన్న కరెంటాఫీసులో గుమస్తా. మా ఇంట్లో చామంతి అంటే మా అమ్మ శుక్రవారం కొనే మూర. అయినా సునీత మొహంలో ఆ దిగులు చూసి, "ఎందుకుండదు, నేను పూయిస్త. చామంతి మా రక్తంల ఉన్నది" అన్నాను. "సరే, చూస్త. ఇది పూస్తే నువ్వు చెప్పిన మిగతా కథలన్నీ గూడ నమ్ముత" అంది. నవ్వుతూనే అంది. కానీ వచ్చి నాలుగు నెలలైనా కాలేదు, అప్పటికే నేను చెప్పిన వేడినీళ్ళ సముద్రమూ, రోడ్డుకి అడ్డంగా నడిచే పెంగ్విన్లూ కనబడక, నా మాటకు ఆ ఇంట్లో విలువ తగ్గుతూ వస్తోంది. ఒక భర్త పరువు ఒక మొక్క మీద నిలబడటం మీరెక్కడైనా చూశారా? నాది నిలబడింది.

జూన్‌లో ఒక ఆదివారం డోరతీ చామంతులను జానెడు ఎత్తుకు కత్తిరించి, ఒక పెద్ద దుబ్బుని మట్టి తవ్వే ఫోర్కుతో పైకి లేపింది. బట్టలుతికే గదిలోకి మోసుకొచ్చింది సత్తిబాబు. తొట్టెలో వేసి వేళ్ళకున్న మట్టంతా కడిగాక డోరతీ దాన్ని రొట్టెలు కోసే కత్తితో సరిగ్గా మధ్యకు కోసింది. ఒక సగం సునీత చేతిలో, ఒక సగం సత్తిబాబు చేతిలో పెట్టింది. చలికాలమంతా పొడిగా, చల్లగా, మంచు తగలకుండా ఉంచాలనీ, ఎక్కువ నీళ్ళు పోస్తే కుళ్ళుతుందనీ, నిద్రపోనిస్తే కింద నుంచి పిలకలు అవే వస్తాయనీ చెప్పింది. వసంతంలో పూయడం తన జన్మలో చూడలేదనీ, అయినా పిలకల్ని ముందే వెచ్చటి చోటికి తెస్తే ఏమో చెప్పలేననీ అంది. నేను ఆ రెండు సగాల్నీ చూశాను. సత్తిబాబు సగానికి వేళ్ళు ఎక్కువున్నాయి. అది ఎవరైనా చెప్పగలరు.

"బావగారూ, మీకు చామంతి తోటుండేదంట కదండీ. చెల్లెమ్మ చెప్పింది. ఏ రకమండీ?" అన్నాడు సత్తిబాబు.

"అన్ని రకాలు" అన్నాను.

"ఆయ్. అన్ని రకాలేనేటి. అయితే మీ దగ్గర నేర్సుకోవాలండి నేను."

కడియం మనిషి చామంతి గురించి నా దగ్గర నేర్చుకుంటానంటే సునీతకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

నా సగాన్ని నేను చాలా శ్రద్ధగా చంపబోయాను. ఈ దేశంలో ప్రతి ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు ఒక అలమరాలో ఉంటుంది, తువ్వాళ్ళు వెచ్చగా ఉండటానికి పైన అరలుంటాయి. ఇంట్లో అంతకన్నా సుఖమైన చోటు లేదని దుబ్బుని తట్టలో పెట్టి అక్కడ దాచాను. మూడు వారాల తర్వాత తలుపు తీస్తే తువ్వాళ్ళ మధ్య నుంచి తెల్లగా, సన్నగా, సేమియాలాగా పిలకలు నా వైపు చేతులు చాపుతున్నాయి. సునీత వెనక నుంచి చూసి, "మీ తోటల గిట్లనే పెంచుతరా?" అంది. అది ఉడకబెట్టే పద్ధతనీ, పాత కాలందనీ చెప్పాను. అదే సాయంత్రం సత్తిబాబు సగం ఎలా ఉందో చూద్దామని, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళాను. డోరతీకి ఒక చిన్న అద్దాల గది ఉండేది, మంచు పడకుండా లోపల ఒక చిన్న హీటరు. టమాట నారుకు పోను ఒకే ఒక్క తట్టకు జాగా ఉంది. ఆ జాగా సత్తిబాబుకు దొరికింది, ఆవిడకు కట్టెలు కొట్టిపెడతాడు గనుక. దుబ్బు చుట్టూ ముదురాకుపచ్చ పిలకలు, పొట్టిగా, లావుగా, పక్కింటి బలిసిన పిల్లల్లాగా. నేను లోపలికి కూడా వెళ్ళలేదు. అద్దం మీద ముక్కు ఆనించి నిలబడ్డాను. నా ఊపిరికి అద్దం మసకబారి ఏమీ కనబడకుండా పోయేవరకు ఎంత బాధ అనుభవించాలో అంతా అనుభవించాను.

ఆ తర్వాత నా సగాన్ని తెచ్చి దేవుడి కిటికీలో పెట్టాం. ఉత్తరం కిటికీ అది, ఈ దేశంలో ఎండ వచ్చేది ఉత్తరం నుంచే. అక్కడ సునీత చిన్న పూజ అర పెట్టుకుంది. కొత్త ఇంట్లో మొదటిసారి వెలిగించిన దీపం ఏడాది వరకు ఆరకూడదని వాళ్ళమ్మ చెప్పి పంపింది. చెక్క ఇంట్లో నూనె దీపం పెడితే పొగ అలారం ఊరు లేపుతుంది కాబట్టి, సూట్‌కేసులో కరీంనగర్ నుంచి తెచ్చుకున్న ఎర్ర జీరో బల్బు, పటాల చుట్టూ సీరియల్ లైట్ల దండ పెట్టి, వాటినే దీపం అనుకుంది. రాత్రీ పగలూ వెలిగేవి. ఆ వెలుగులో నా మొక్క కోలుకుంది. కోలుకోవడం కాదు, రెచ్చిపోయింది. జూలై, ఆగస్టు నెలల్లో నేను పనికి వెళ్ళేముందు గంటసేపు దాని ముందు కూర్చునేవాణ్ణి. ఆకులు తుడిచేవాణ్ణి, కుండీ తిప్పేవాణ్ణి. సునీత వంటగదిలో నుంచి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఆకులు అరచేయంత అయ్యాయి. ఎత్తు కిటికీలో సగానికొచ్చింది. మొగ్గ మాత్రం రాలేదు.

సత్తిబాబు మొక్కకు వచ్చింది. ఆ కబురు నాకు చెప్పింది ఆయన కాదు, సునీత. నేను పని నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే, "సత్తిబాబన్న మొక్కకు మొగ్గలొచ్చినయి. మినపగింజలంత ఉన్నయి, ఎంత ముద్దుగున్నయో" అంది. ముద్దుగా. నా ఆకుల్ని ఆమె ఎప్పుడూ ముద్దుగా ఉన్నాయనలేదు. అన్నం తింటూ ఆ మొగ్గల్ని గురించి అడగకూడదని గట్టిగా అనుకుని, మూడుసార్లు అడిగాను. మర్నాడు సత్తిబాబే వచ్చాడు, చేతిలో పాల క్యాను, మా కిటికీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆకు మాత్రం అద్దిరిపోయిందండి బావగారూ. పప్పులో ఏసుకోవచ్చు."

"పువ్వు లేటయితది. పెద్ద పువ్వు రకాలు లేటుగనే వస్తయి" అన్నాను.

"రెండూ ఒక దుబ్బేనండి. రొట్టెల కత్తితో మీ ముందే కదా కోసేరు."

"నీ సగం పక్క ఎండ వేరే తగిలి ఉంటది."

"ఆయ్, అయ్యుంటదండి" అని సునీత వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా తల వంచుకుని నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్విన ఆ నవ్వు నాకు అన్నింటికన్నా ఎక్కువ తగిలింది. ఆ మధ్యాహ్నం సూపర్ మార్కెట్లో క్యాబేజీలు పేరుస్తూ, ఎలాగైనా ఆ అద్దాల గదిలోకి ఒక మేకని తోలే మార్గం ఉందా అని ఆలోచించాను. ఆ సందులో మేకలెవరికీ లేవు. అదొక్కటే అడ్డు.

సెప్టెంబరులో ఒక పొద్దున నేను బట్టలుతికే గదిలో ఉండగా డోరతీ వచ్చి, మిషను మీద చెయ్యి ఆనించి, మీ కిటికీలో ఆ ఎర్ర లైటు రాత్రంతా ఉంటుందా అని అడిగింది. ఉంటుంది, దేవుడి దగ్గరది, ఆర్పం అన్నాను. ఆవిడ తల ఊపి నెమ్మదిగా చెప్పింది. చామంతి రాత్రిని బట్టి మొగ్గ తొడుగుతుందట. చీకటి పొడుగ్గా ఉంటే ఇక పూసే కాలం వచ్చిందనుకుంటుంది. వెలుగు ఆరకపోతే దానికి రాత్రే రాదు, ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. "దాన్ని మీరు నిద్రపోనివ్వలేదు, డియర్" అంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా చెయ్యి తప్పు కాదు, నా సగం తప్పు కాదు, సత్తిబాబు గొప్పా ఏమీ లేదు, తప్పంతా లైటుది. తడి బట్టలు అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాను. సునీత కిటికీ దగ్గర నిలబడి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. ఎర్ర వెలుగు ఆమె చెంప మీద పడుతోంది. "దీపం ఉంటది కదనే, ఆయన వచ్చేదాక దాని దిక్కు చూసుకుంట కూసుంట. ఏం భయం లేదు" అంటోంది. అక్కడ శీతాకాలంలో అయిదింటికే చీకటి పడుతుంది. నేను వచ్చేవరకు ఆమె ఒక్కతే. గుమ్మంలో నిలబడి, నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఆమె ఫోను పెట్టేశాక, "మొక్క పూయదు. ఎరువు ఎక్కువేసిన, తప్పు నాదే" అన్నాను. జీవితంలో నేను చేసిన గొప్ప పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

బతుకమ్మ రోజు డోరతీ తన పెద్ద గది మాకు ఇచ్చింది. ఊళ్ళో ఉన్న మనవాళ్ళు నలుగురైదుగురు ఆడవాళ్ళు, డ్యాఫొడిల్స్, కమీలియాలు, ఎవరి కంచె మీద నుంచో తెంపిన పేరు తెలియని ఎర్రపూలు తెచ్చారు. పళ్ళెంలో వరుసలు పేరుస్తున్నారు. తంగేడు లేదు, గునుగు లేదు, అయినా ముచ్చట్లు మాత్రం జనగామలో ఉన్నన్నీ ఉన్నాయి. అప్పుడు సత్తిబాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, చేతిలో డోరతీ ఐస్‌క్రీం డబ్బా. మూత తీయగానే అందరి తలలూ డబ్బా మీదికి వంగాయి. ఏడో ఎనిమిదో పసుపు చామంతులు, అంత చలిలో, అంత దూరంలో. ఒక పెద్దావిడ డబ్బాలో మొహం పెట్టి వాసన పీల్చి, అలాగే కళ్ళు తుడుచుకుంది. సునీత వాటిని ఒక్కొక్కటే తీసి పైవరుసలో పెట్టింది. నేను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంకొకడి చేతి పువ్వు మా ఆవిడ నెత్తికెత్తుకుని, మధ్యలో దింపి చుట్టూ ఆడుతుంటే, చప్పట్లు కొట్టాలో, చలిలోకి వెళ్ళిపోవాలో తెలియలేదు. చప్పట్లే కొట్టాను, లయ తప్పుతూ.

ఇప్పుడు టకానినిలో మంచు పెద్ద ఇబ్బంది కాదు, బంకమట్టిలో నిలిచే నీళ్ళే ఇబ్బంది. చలికాలం ముందు దుబ్బుల్ని లేపి, కడిగి, గరాజ్‌లో పెడతాను. డోరతీ చూపినట్టే చేస్తాను, ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇన్వర్‌కార్గిల్‌లో అప్పుడు మా పెరటి చీకటి నిజమైన చీకటి, అందులో ఒకే ఒక్క ఎర్ర చుక్క. ఇప్పుడు ఈ కాలనీలో చీకటి కోసం వెతుక్కోవాలి. వీధి దీపాలు, పిల్లి నడిచినా వెలిగే లైట్లు, ఎదురింటివాళ్ళ టీవీ. మొక్కలకు సాయంత్రం నల్ల గుడ్డ కప్పుతుంటే మా అమ్మాయి వింతగా చూస్తుంది. "డాడ్, ఇట్స్ జస్ట్ అ ఫ్లవర్" అంటుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. సునీత ఇప్పుడు ఉద్యోగానికి కారు నడుపుకుంటూ వెళ్తుంది, చీకటి పడ్డాక వస్తుంది. దేవుడి దగ్గరి లైటుకు టైమర్ ఉంది. మొక్కలు అప్పటికన్నా బాగా పూస్తాయి, ఇల్లు అప్పటికన్నా వెచ్చగా ఉంటుంది. ఆ ఇంటి మీద బెంగ ఎందుకో నాకు సరిగ్గా తెలియదు. పనికి వెళ్ళేముందు కిటికీ దగ్గర కూర్చున్న ఆ గంట మీదేమో.

ఇక మాటిచ్చాను కాబట్టి చెప్పేస్తాను. బట్టలుతికే గదిలో డోరతీ నాతో మాట్లాడిన సంగతి కల్పితం. ఆవిడ నాకేమీ చెప్పలేదు. నేను తడి బట్టలు పడేసి పరిగెత్తలేదు, గుమ్మంలో నిలబడలేదు, నాలిక చివరి మాటని మింగలేదు. నిజానికి మొగ్గ రాకపోయేసరికి డోరతీ మనకు పనికిరాని సగం ఇచ్చిందని వారం రోజులు సునీత దగ్గర సణిగాను. చామంతికి చీకటి కావాలని టకానినికి వచ్చాక నేర్చుకున్నాను గానీ, అప్పటి తప్పు ఆ ఎర్ర బల్బుదేనని నాకు తెలిసింది పోయిన నెలలో, మా ఇంటి టీ బల్ల దగ్గర. సత్తిబాబు బిస్కెట్టు ముంచుకుంటూ, పాపం మీ మొక్క తప్పు కాదండి, ఆ దీపం వల్ల పుయ్యలేదండి, అని మామూలుగా అనేశాడు.

"ఏ దీపం?" అన్నాను.

ఆయన సునీత వైపు చూశాడు. "అదేటి చెల్లెమ్మా, బావగారికి ఇప్పటిదాకా చెప్పలేదా?"

చెప్పలేదు. డోరతీ ఆ మాట చెప్పింది సునీతకు, జూలైలోనే. అంతకు కొంచెం ముందు ఒక సాయంత్రం వీధంతా కరెంటు పోయిందట. నేను పనిలో ఉన్నాను. సునీత చెప్పుల్లేకుండా మంచులో పడి పెరట్లోకి పరిగెత్తి, ఏడుస్తూ డోరతీ తలుపు కొట్టిందట. టార్చి పట్టుకుని వచ్చింది సత్తిబాబు. కరెంటు వచ్చేదాకా ముగ్గురూ డోరతీ పొయ్యి ముందు కూర్చున్నారట. అందుకే లైటు ఆర్పితే పువ్వు పూస్తుందని డోరతీ చెప్పినా ఆమె ఆర్పలేదు. సత్తిబాబు దగ్గరికి వెళ్ళి, నీ పూలు బతుకమ్మకు నాకియ్యన్నా, మా మొక్క పూయదు అని అడిగిందట. మొగ్గలు రాకముందే ఆ పూలు ఆమెవి. ఇన్నేళ్ళు నేను ఈర్ష్య పడింది తప్పుడు వస్తువు మీద. ఆయన దగ్గరున్నది పువ్వు కాదు, మా ఆవిడ భయం. నాకు తెలియనిది, ఆయనకు తెలిసినది. ఆ రాత్రి వాళ్ళు పడుకున్నాక గిన్నెలు సర్దుతూ అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు దాన్ని కథ చేద్దువు. సునీత చీకట్ల చెప్పుల్లేకుంట ఉరికిందని సూపర్ మార్కెట్ల అందరికి చెప్పి నవ్విద్దువు. మంచు మోకాళ్ళ దాక అందువు."

మోకాళ్ళ దాకా అనేవాణ్ణే.

ఇది రాశాక అచ్చుకు పంపేముందు ఆమెకిచ్చాను. వద్దంటే ఆ కరెంటు పోయిన సాయంత్రం తీసేస్తాననీ, ఇంకెక్కడా దాని మాట ఎత్తననీ చెప్పాను. ఈసారి నిజంగానే ఒట్టు, చేతిలో కొమ్మ లేకుండా. ఆమె వంటగదిలో నిలబడే మొత్తం చదివింది. మేక దగ్గర నవ్వింది. చివరి కాగితం దగ్గర ఆగిపోయింది. నేను నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. అప్పుడు కాగితాలు సమంగా సర్ది, నా చేతికిచ్చింది.

"ఉండనియ్యి. నువ్వు రాస్తే ఎవరు నమ్ముతరు" అంది.